పిల్లి జబ్బు కుక్కకెలా అంటింది?

రండర్రా, ఇలా అరుగు మీద కూర్చోండి. కుక్కపిల్లలు ఉన్నట్టుండి తిండి మానేసి, వాంతులతో, నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోతుంటాయి చూశారా, దాన్ని పార్వో అంటారు. మా చిన్నప్పుడు ఆ పేరే వినలేదమ్మా! 1978లో బయటపడి, రెండేళ్లు తిరిగేసరికి లోకమంతా చుట్టేసింది.

మరి ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఆ జబ్బు తెచ్చే వైరస్ జన్యుక్రమాన్ని శాస్త్రవేత్తలు చదివారు. సుమారు 5,000 అక్షరాలే. మన జన్యుక్రమంలో 300 కోట్లు ఉంటాయి! పిల్లులకు ఎప్పట్నుంచో ఉన్న ఇంకో వైరస్ జన్యుక్రమాన్ని పక్కన పెట్టి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. పైతొడుగు ప్రోటీన్‌లో అరడజను చోట్ల మాత్రం తేడా.

ఆ కాస్త తేడాకే ఇంత గొడవా అంటారేమో. వైరస్ కణంలోకి దూరాలంటే ఇనుమును లోపలికి చేరవేసే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాన్ని పట్టుకోవాలి. పిల్లి వైరస్‌కి కుక్క గ్రాహకం చిక్కేది కాదు. గడియ తలుపులో దిగకపోతే వడ్రంగి అంచు కాస్త చిత్రిక పడితే ఎలా జారిపోతుందో, అలా కుదిరింది. ఇక్కడ వడ్రంగి ఎవరూ లేరు. నకళ్లు కోట్లకొద్దీ తయారవుతుంటే దొర్లే తప్పుల్లో కొన్ని పనికొచ్చాయి, అంతే.

నాకు అన్నిటికన్నా ముచ్చటైన సంగతి మరోటుంది. యూరప్‌లో అంతకుముందే తీసి భద్రపరిచిన కుక్కల నెత్తురు నమూనాలున్నాయి. వాటిని పరీక్షిస్తే 1970ల మధ్యలోనే ఈ వైరస్‌ను ఎదుర్కొన్న యాంటీబాడీలు కనబడ్డాయి! పేరు పెట్టకముందే అది గుట్టుగా తిరుగుతోందన్నమాట. ఎవరో ఓపిగ్గా దాచిన నెత్తురుచుక్క ఎన్ని సంగతులు చెప్పిందో!

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కోలిన్ పారిష్ బృందం దీని వెంట ఏళ్ల తరబడి పడింది. కుక్కల్లో వచ్చిన మొదటి రకం వైరస్ పిల్లుల జోలికి పోలేకపోయేది. కొద్ది ఏళ్లకే దాన్ని తోసేసి వచ్చిన 2ఎ అనే రకం మళ్లీ పిల్లులకూ అంటింది. ఆ తర్వాత 2బి, 2సి వచ్చాయి. వీటిని విడదీసి గుర్తుపట్టేది పైతొడుగులో 426వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లంతోనే.

ఈ జబ్బుకు టీకా ఉంది కానీ, తల్లి ముర్రుపాలతో వచ్చే రక్షణ ఆ టీకానూ పనిచేయనివ్వదు. అది ఎప్పుడు తరిగిపోతుందో ఒక్కో పిల్లకి ఒక్కో తీరు. అందుకే ఆరెనిమిది వారాల వయసు నుంచి పదహారు వారాలు నిండేదాకా విడతలుగా వేయిస్తారు. వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి, అన్ని విడతలూ పూర్తయ్యేదాకా కూనల్ని వీధిలో వదలకండర్రా.