కథానాయకుని తెలుగు

సినిమా మనకేమి నేర్పుతున్నదని ఎవరినైనా అడిగి చూడండి. చివరి ఘట్టంలో కథానాయకుడు చెప్పిన నాలుగు మంచి మాటలు అప్పజెప్పి, సందేశం అదే అంటారు. కులభేదాలు పోవాలన్నాడు, లంచం తినరాదన్నాడు, దున్నేవానికే భూమి అన్నాడు. సందేశం అందినది గనుక చిత్రం మంచిదని తీర్పు చెప్పి లేచిపోతారు.

ఈ లెక్క సరిపోదని మాకు తెలిసిరావడానికి మా వృత్తియే ఒక కారణం. 'సంక్షిప్త శబ్ద చిత్రం' పేరిట రేడియోలో ఏళ్ల తరబడి ప్రసారమైన కార్యక్రమం మన శ్రోతలలో పెద్దవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. రెండున్నర మూడు గంటల చిత్రాన్ని గంటసేపటికి కుదించి, బొమ్మ లేని లోటును వ్యాఖ్యాత మాటలతో పూరించి వినిపించేవారు. ఆ రోజులలో టేపు కత్తిరించి అతికించిన మా పెద్దలు ఒక మాట చెప్పేవారు. సందేశం ఉన్న ఉపన్యాసం మీద కత్తెర వేయడానికి చేయి రాదు. హాస్యగాళ్ల మాటలు, నౌకర్ల మాటలు, పెరటి గొడవలు ముందుగా పోతాయి. తీరా ప్రసారమైన తరువాత వింటే కథ ఉంటుంది, నీతి ఉంటుంది. కాని ఆ చిత్రం ఎవరిని మెచ్చుకోమన్నదో, ఎవరిని చూసి నవ్వమన్నదో ఆ సంగతి మాత్రం కత్తిరించిన ముక్కలతోపాటు బుట్టలో పడిపోయి ఉంటుంది.

విజయావారి 'గుండమ్మ కథ' (1962) చూడని తెలుగు ఇల్లు అరుదు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జమున, సూర్యకాంతం నటించిన ఆ చిత్రంలో ఉపన్యాసమంటూ ఏదీ లేదు. అయినను అది చెప్పిన పాఠం గట్టిది. సవతి కూతురు నోరెత్తక ఇంటి చాకిరీ అంతా చేస్తుంది, ప్రేక్షకులు ఆమెకు కన్నీరు విడుస్తారు. గారాబంగా పెరిగిన రెండవ పిల్లకు గర్వం అణగాలని ఆమె చేత కష్టం చేయిస్తారు, ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. ఓర్చుకునే ఆడది గొప్పది, ఎదురు చెప్పే ఆడది దిద్దవలసినది అని ఎవ్వరూ అనలేదు. అనలేదు గనుకనే అది అంత లోతుగా దిగినది. అన్న మాటతో వాదించవచ్చును, నవ్వుతో ఎవరు వాదించగలరు?

ఇక నారాయణఖేడ్ సంగతికి వద్దాము. మేము ఈ వ్యాసం తలపెట్టడానికి కారణం ఆ ఊరివాడైన ఒక పిల్లవాడు.

నారాయణఖేడ్ నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు అది బీదరు జిల్లాలోని తాలూకా. ఆ యేడు బీదరు మైసూరు రాష్ట్రంలో చేరగా, ఈ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదకు జిల్లాలో కలిసినది. ఒక వంక కన్నడం, ఇంకొక వంక మరాఠీ, బజారులో ఉర్దూ, తండాలలో లంబాడీ. వీటన్నిటి నడుమ పెరిగిన తెలుగు అక్కడిది. మరొక భాష మాట వచ్చి కూర్చుంటే లేవమనని తెలుగు. ఆ ప్రాంతం నుండి ఒక డిగ్రీ విద్యార్థి మా కేంద్రంలో నాటక విభాగపు స్వర పరీక్షకు వచ్చినాడు. కాగితం ఇచ్చి చదవమంటే సినిమా కథానాయకుని ధోరణిలో, బరువైన గొంతుతో, కృష్ణా తీరపు ఉచ్చారణతో చదివినాడు. అది అతని గొంతు కాదని మాకు తెలిసిపోతూనే ఉన్నది. కాగితం పక్కన పెట్టి మీ ఊరి సంగతి ఏదైనా చెప్పు నాయనా అన్నాము. పిల్లవాడు కొంతసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "మా మాట మంచిగుండది సార్, నవ్వుతరు" అన్నాడు.

అతనిని మేము ఎంపిక చేయలేదు. కృతకంగా చదివినాడని వ్రాసుకున్నాము. సొంత మాటను దాచుకోమని అతనికి ఎవరు నేర్పినారని మాత్రం ఆనాడు మమ్ములను మేము అడుగుకోలేదు. నేర్పినవారిలో సినిమా ఉన్నది, బడి ఉన్నది. వార్తలకు ఒక తెలుగు, గ్రామస్థుల కార్యక్రమంలోని పాత్రలకు మరొక తెలుగు అని పంచిపెట్టిన రేడియో కూడా ఉన్నది.

సినిమాలో మాట్లాడే తెలుగు మీద పట్టింపు కొత్తది కాదు. గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' (1938) తీసినప్పుడు తాపీ ధర్మారావు దానికి వ్యావహారికంలో సంభాషణలు వ్రాసినారు. నాటక భాషకు అలవాటుపడిన తెరకు అది పెద్ద మార్పు. అంటరానితనాన్ని నిరసించిన కథకు జనం మాట్లాడే భాష తగినదని వారు గ్రహించినారు. ఆ జట్టుదే 'రైతుబిడ్డ' (1939). జమీందారీ దౌర్జన్యాన్ని చూపినదని జమీందార్లు ఆగ్రహించగా నాటి ప్రభుత్వం ప్రదర్శనను నిషేధించినది. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. ఆ చిత్రం తీసిన సారథి సంస్థకు వెన్నుదన్నుగా నిలిచినవారు చల్లపల్లి జమీందారే! సందేశం పైకి కనపడే వస్తువు గనుక దానిని పట్టుకోవచ్చును, నిషేధించవచ్చును. నవ్వునకు, యాసకు, నౌకరు నిలబడే తీరుకు సెన్సారు లేదు. అవి టిక్కెట్టు లేకుండానే లోపలికి వస్తాయి.

అయితే ఆ వ్యావహారికం ఎవరి వ్యవహారం? కృష్ణా గుంటూరు ప్రాంతాల చదువరుల ఇండ్లలో మాట్లాడుకునే తెలుగుకు దగ్గరగా ఉన్నది. చిత్రాలు తీసినవారిలో పెక్కుమంది ఆ ప్రాంతాలవారు, పెట్టుబడి అక్కడిది. ఇది కుట్ర అని మేము అనము. తీసేవాడు తన ఇంటి మాట తీయడం సహజం. కాని ముప్పది నలుబది సంవత్సరాలు ప్రేమించేవాడు, త్యాగం చేసేవాడు, తీర్పు చెప్పేవాడు అందరూ ఒకే తెలుగు మాట్లాడితే, ఆ తెలుగుకు ప్రేమ, త్యాగం, న్యాయం అంటుకుంటాయి. మిగిలిన తెలుగులకు మిగిలినవి అంటుకుంటాయి.

నటుని వ్యక్తిత్వం కూడా ఈ విధంగానే పేరుకుంటుంది. 'మాయాబజార్' (1957)లో కృష్ణుడుగా, 'లవకుశ' (1963)లో రాముడుగా కనిపించిన రామారావు బొమ్మ ఎన్నో ఇండ్లలో దేవుని పటాల పక్కన చేరినది. ఒక్కొక్క పాత్ర తన మంచిలో కొంత ఆయన ముఖాన వదిలి వెళ్లినది. 'సర్దార్ పాపారాయుడు' (1980), 'బొబ్బిలి పులి' (1982) నాటికి దేవుని పాత్ర అక్కరలేకపోయినది. అన్యాయం మీద తిరగబడే మనిషిగా వచ్చినా వెనుక కృష్ణుడు కనపడుతూనే ఉన్నాడు. 1982 మార్చి 29న ఆయన తెలుగుదేశం పార్టీ స్థాపించినారు, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయినారు. తమిళనాట ఎం.జి. రామచంద్రన్ 1977లోనే ఆ పదవి చేపట్టి ఉన్నారు. నారాయణఖేడ్ సరిహద్దుకు ఆవలి కన్నడ దేశంలో రాజకుమార్‌కు ఉన్న ప్రజాభిమానం తక్కువది కాదు. కన్నడం కోసం 1982లో గోకాక్ ఉద్యమానికి ముందు నడిచిన ఆయన ఎన్నికలలో మాత్రం ఎన్నడూ నిలబడలేదు. కనుక తెర మీది కీర్తి నేరుగా కుర్చీకి తీసుకుపోతుందని సూత్రం కట్టరాదు. ఒక మనిషి ముఖాన్ని చూడగానే నమ్మకం కలిగేటట్లు చేయడం వరకే తెర పని.

రామారావు ఇచ్చిన నినాదం తెలుగువారి ఆత్మగౌరవం. ఆ మాటకు నారాయణఖేడ్‌లో కూడా గుండె ఉప్పొంగినవారు ఉన్నారు. కాని తెర మీద ఆత్మగౌరవం మాట్లాడిన తెలుగు తమ ఇంటి తెలుగు కాదన్న సంగతి వారికి తట్టకపోలేదు.

ఇక్కడ ఒక మంచి చిత్రాన్ని గురించి కష్టమైన మాట చెప్పవలసి ఉన్నది. టి. కృష్ణ దర్శకత్వంలో 1985లో వచ్చిన 'ప్రతిఘటన' సందేశం ఉత్తమమైనది. రౌడీలు నాయకులయ్యే రాజకీయాన్ని, స్త్రీకి జరిగే అవమానాన్ని అంత సూటిగా అడిగిన చిత్రాలు కొద్ది. విజయశాంతి నటించిన అధ్యాపకురాలి పాత్ర ఎందరికో ధైర్యమిచ్చినది. అందులో కాశయ్య అనే దుష్ట నాయకుని పాత్రను కోట శ్రీనివాసరావు అద్భుతంగా పోషించినారు. ఆయన కృష్ణా జిల్లా కంకిపాడువారు. కాశయ్యకు మాత్రం తెలంగాణ మాట ఇచ్చినారు. అది నవ్వించినది, భయపెట్టినది, జనాదరణ పొందినది. ఆ తరువాత ఎన్నో చిత్రాలు ఆ దారి పట్టినవి. న్యాయం అడిగే ఆమెకు ఒక తెలుగు, అన్యాయం చేసేవానికి నారాయణఖేడ్ బజారులో వినపడే తెలుగు. తీసినవారికి ఆ ఉద్దేశం లేదని మేము నమ్ముతాము. ఉద్దేశం లేకుండానే పని చేయడం ఈ విలువల స్వభావం. సందేశం విని చప్పట్లు కొట్టిన పిల్లవాడే మరునాడు కళాశాలలో నోరు విప్పడానికి సంకోచించినాడు.

దీనికి ఎదురు ఉదాహరణ అంతకు ముందే, అదే మెదకు జిల్లాలో పుట్టి ఉన్నది. 1980లో విడుదలైన 'మా భూమి' నిజాం నాటి రైతాంగ పోరాటాన్ని చూపినది. నిర్మాతలలో ఒకరైన బి. నరసింగరావు ప్రజ్ఞాపూర్‌వారు. చిత్రీకరణ మెదకు జిల్లా మంగళపర్తిలో జరిగినది. మూలం కృషన్ చందర్ ఉర్దూ నవల, దర్శకుడు బెంగాలువాడైన గౌతం ఘోష్. అందులో సాయిచంద్ నటించిన రామయ్య గొప్ప ఉపన్యాసకుడు కాడు. మంగళపర్తి గోడల మధ్య, అక్కడి మాటతో, అక్కడి నడకతో కనిపిస్తాడు. వెట్టివాని మాట విని ప్రేక్షకుడు నవ్వలేదు. ఆ చిత్రం తెచ్చిన అసలు మార్పు భూమి గురించి చెప్పిన మాటలకంటె ఈ నవ్వకపోవడంలో ఉన్నదని మా అభిప్రాయం.

ఆ మార్పు పెద్ద బజారుకు చేరడానికి చాలా కాలం పట్టినది. 'ఒసేయ్ రాములమ్మ' (1997) వంటివి నడుమ వచ్చినా, కోపానికి, తిరుగుబాటుకు తప్ప సుకుమారమైన ప్రేమకు ఈ మాట పనికిరాదన్న భావం పోలేదు. శేఖర్ కమ్ముల 'ఫిదా' (2017) కథ బాన్సువాడది. నారాయణఖేడ్‌కు అది పొరుగు ప్రాంతమే. కథానాయిక భానుమతి ప్రేమించినా, అలిగినా, తండ్రిని విడిచి ఎందుకు పోవాలని అడిగినా ఊరి మాటతోనే అడుగుతుంది. ఆ పాత్ర ధరించిన సాయిపల్లవి తమిళనాటి పిల్ల. తెలుగు చిత్రాలలో కథానాయికలకు వేరొకరు గొంతు అరువిచ్చే అలవాటు ఉండగా, ఆమె ఈ మాట నేర్చుకుని స్వయంగా పలికినది. ఉర్దూ రచయిత, బెంగాలీ దర్శకుడు, తమిళ నటి! మన పెరటి చెట్టుకు నీరు పోసినవారిని లెక్కపెడితే ఆశ్చర్యం కలుగుతుంది.

'జాతిరత్నాలు' (2021) వచ్చేసరికి పొరుగున ఉన్న జోగిపేట పేరే తెర మీద మారుమ్రోగినది. అమాయకులైన ముగ్గురు మిత్రులు పట్నం వచ్చి చిక్కులలో పడతారు. మరల నవ్వులే గదా అనవచ్చును. మేము కూడా మొదట అట్లే అనుకున్నాము. కాని ఇందులో జోగిపేటవాడు కథానాయకుని పక్కన నిలబడిన నవ్వులవాడు కాడు, కథానాయకుడే. మనము అతనిని చూసి నవ్వుతూనే అతడు గెలవాలని కోరుకుంటాము. ఈ భేదం చిన్నదా, పెద్దదా అని మా విభాగంలో వాదన జరిగినది, తేలలేదు.

2023లో వేణు ఎల్దండి 'బలగం' వచ్చినది. ఇంటి పెద్ద చనిపోతాడు. పెట్టిన ముద్దను కాకి ముట్టదు, విడిపోయిన కుటుంబం తలవంచుకుని నిలబడుతుంది. తెలంగాణ పల్లెలలో తెరలు కట్టి ఊరంతా కలిసి చూసినారు. చివర బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతూ ఉంటే జనం బిగ్గరగా ఏడ్చినారు. చనిపోయిన తండ్రిని గూర్చిన దుఃఖం తమ ఇంటిలో పలికే విధంగానే తెర మీద వినపడినది.

ఈ చిత్రాన్ని గంటసేపటి శబ్ద చిత్రంగా కుదించవలసి వస్తే ఏమి చేయగలమని మొన్న మాలో మేము లెక్క వేసుకున్నాము. ఉపన్యాసం లేదు గనుక కత్తెర ఎక్కడ పెట్టవలెనో తెలియదు. పెద్ద చిక్కు కాకితో వచ్చినది. అది మాట్లాడదు. అది చెట్టు మీద కూర్చున్నదని, ముద్ద ముట్టలేదని వ్యాఖ్యాతయే శ్రోతలకు చెప్పవలె. చిన్న వాక్యమే. "కాకి ముట్టలేదు" అనవలెనా, "కాకి ముట్టలే" అనవలెనా? నారాయణఖేడ్ పిల్లవాడు ఆనాడు మా దగ్గరనే ఉండి ఉంటే ఆ వాక్యం అతని చేత చదివించి ఉండేవారము.