ఒకే నింద – రెండు జవాబులు

రేడియో ప్రసంగము
వాక్యభాగము: న్యాయాధిపతులు 8:1-3, 12:1-6

పొలం పనులు ముగించుకొని రేడియో దగ్గర కూర్చున్న సహోదరులకు, వంట చేసుకుంటూ వింటున్న తల్లులకు, ఆసుపత్రి మంచం మీద నుండి వింటున్న ప్రియులకు ప్రభువు సమాధానము కలుగును గాక. ఈ దినము మనము నోటి మాటను గూర్చి ధ్యానము చేసుకుందాం.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు అంటారు. సామెతల గ్రంథము 18వ అధ్యాయము 21వ వచనము ఇంకా గట్టిగా చెబుతుంది. మనిషిని బ్రదికించే శక్తి, చంపే శక్తి రెండూ నాలుకకు ఉన్నాయని ఆ వచనము భావం. అయితే ఒక సంగతి మొదటే చెప్పాలి. మాటకు శక్తి ఉందనగానే కొందరు దానిని మంత్రము అనుకుంటారు. ఫలానాది నాకు వచ్చేసిందని గట్టిగా పలికితే చాలు, వచ్చేస్తుందని అనుకుంటారు. ప్రియులారా, పలికిన మాటతో లేనిదానిని కలుగజేయగలవాడు దేవుడు ఒక్కడే. ఆదికాండము మొదటి అధ్యాయములో ఆయన పలికాడు, వెలుగు కలిగింది. మన మాటకు ఆ శక్తి లేదు. మరి మన మాటకు ఉన్న శక్తి ఏమిటి? అది ఎదుటి మనిషి హృదయములోకి వెళ్ళి అక్కడ పని చేస్తుంది. కట్టనైనా కడుతుంది, కూల్చనైనా కూలుస్తుంది.

ఇది ఎలా జరుగుతుందో న్యాయాధిపతుల గ్రంథములో రెండు సంఘటనలు మనకు చూపిస్తాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఎంత ఆశ్చర్యము! నింద వేసినవారు ఒకరే. వేసిన నింద ఒకటే. జవాబు చెప్పిన మనుష్యులు ఇద్దరు. ఒక జవాబు కోపమును చల్లార్చింది. రెండవ జవాబు వెనుక 42,000 మంది చనిపోయారు.

మొదటి సంఘటన గిద్యోనుది. దేవుడు 300 మందితో మిద్యానీయుల మీద ఆయనకు గొప్ప జయమిచ్చాడు. శత్రువులు పారిపోతున్నారు. అప్పుడు గిద్యోను ఎఫ్రాయిము గోత్రమువారికి కబురు పంపితే, వారు వచ్చి యొర్దాను రేవులను పట్టుకొని, మిద్యాను అధిపతులైన ఓరేబును జెయేబును చంపారు. అంతా బాగానే ఉంది. కాని ఎఫ్రాయిమీయులు సంతోషించలేదు. గిద్యోను దగ్గరకు వచ్చి పెద్ద గొడవకు దిగారు. వారి బాధ ఏమిటంటే, యుద్ధానికి బయలుదేరినప్పుడే మమ్మల్ని ఎందుకు పిలవలేదు అని.

ఈ మాట మనకు కొత్తది కాదు కదా! మన ఇళ్ళలో పెళ్ళి జరిగినా, గృహప్రవేశం జరిగినా, చర్చిలో కృతజ్ఞతా కూడిక జరిగినా ఈ మాట వినబడుతూనే ఉంటుంది. మమ్మల్ని పిలవలేదు. పిలిచినా సరిగా పిలవలేదు. అందరికీ చెప్పి మాకు చివర చెప్పారు. ఇలాంటి మాటతో విడిపోయిన అన్నదమ్ములు ఎంతమందో మనకు తెలుసు.

గిద్యోను ఏమని జవాబివ్వవచ్చు? "అసలు ఇన్నాళ్ళూ మిద్యానీయులు దేశాన్ని దోచుకుంటుంటే మీరు ఏం చేశారు?" అని అడగవచ్చు. "దేవుడే 300 మంది చాలన్నాడు, మిమ్మల్ని పిలిచి ఏం చేసుకోను?" అనవచ్చు. అవి అబద్ధాలు కూడా కావు. కాని ఆయన అలా అనలేదు. మీరు చేసినదాని ఎదుట నేను చేసినది ఏపాటిది అన్నాడు. మా అబీయెజెరు వంశంవారు తోటంతా కోసిన ద్రాక్షపండ్లకంటే, కోత అయిన తరువాత మీ తీగెలకు మిగిలినవే మేలు కదా అన్నాడు. ఓరేబును జెయేబును దేవుడు మీ చేతికే కదా అప్పగించాడు అన్నాడు. గమనించండి, ఇది ముఖస్తుతి కాదు. ఆ ఇద్దరు అధిపతులను పట్టుకొన్నది నిజముగా వారే. వారిలో ఉన్న మంచిని వెదకి, ఆ నిజమునే పలికాడు. ఆ మాటకు వారి కోపము దిగిపోయిందని వాక్యము చెబుతుంది. మూడే మూడు వచనాలు. ఒక యుద్ధము ఆగిపోయింది.

ఇప్పుడు రెండవ సంఘటన చూద్దాం. సంవత్సరాలు గడిచాయి. యెఫ్తా గిలాదువారికి నాయకుడయ్యాడు. అమ్మోనీయుల మీద జయము పొందాడు. మళ్ళీ అదే ఎఫ్రాయిము గోత్రమువారు వచ్చి, మమ్మల్ని ఎందుకు పిలవలేదు అని అదే ప్రశ్న అడిగారు. ఈసారి ఇంకొంచెం పెంచి, నీ ఇంటిని నీతో కూడా తగులబెడతామని బెదిరించారు. గిలాదువారిని పారిపోయి వచ్చినవారని హేళన కూడా చేశారు.

యెఫ్తా జవాబు ఏమిటి? నేను కష్టములో ఉండి మిమ్మల్ని పిలిచాను, మీరు రాలేదు, నా ప్రాణం అరచేతిలో పెట్టుకొని నేనే వెళ్ళాను, ఇప్పుడు నా మీదికి ఎందుకు వచ్చారు? ఇదీ ఆయన మాట. ఆ వెంటనే సైన్యమును పోగుచేశాడు. గిలాదువారు యొర్దాను రేవులను పట్టుకొని కూర్చున్నారు. గిద్యోను కాలములో శత్రువును ఆపడానికి పట్టుకొన్న రేవులను, ఇప్పుడు సొంత సహోదరులను ఆపడానికి పట్టుకొన్నారు! దాటడానికి వచ్చిన ప్రతివానిని షిబ్బోలెతు అనే మాట పలకమన్నారు. ఎఫ్రాయిమువాడికి "ష" పలకదు. సిబ్బోలెతు అనేవాడు. అంతే, అక్కడే చంపేవారు. ఒక్క అక్షరం కోసం మనిషి ప్రాణం పోయింది! మన తెలుగువారిలో కూడా "శ" అనబోయి "స" అనేవారు ఎంతమంది లేరు? చర్చిలో ఒక పెద్దమ్మ లేచి వాక్యం చదువుతూ ఒక అక్షరం తప్పు పలికితే వెనక బెంచీలో నవ్వుకొనే యౌవనులారా, ఆ రేవుల దగ్గర నిలబడినవారిని ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ నవ్వు విన్న మనిషి మళ్ళీ నోరు తెరవకపోవచ్చు.

యెఫ్తాను నేను తీర్పు తీర్చడం లేదు. ఆయన బ్రదుకంతా మాటల గాయమే. అన్యస్త్రీకి పుట్టినవాడవని, నీకు మా తండ్రి ఇంట భాగము లేదని తన తండ్రి కుమారులే ఆయనను తరిమేశారు. నోరు తెరచి తొందరపడి చేసిన మ్రొక్కుబడి వలన ఒక్కగానొక్క కుమార్తె విషయంలో బట్టలు చింపుకొని ఏడ్చాడు. ఆ కన్నీళ్ళు 11వ అధ్యాయములో ఉన్నాయి. ఎఫ్రాయిమువారు వచ్చింది 12వ అధ్యాయములో. గాయపడిన హృదయములో నుండి గాయపరచే మాట వస్తుంది. హృదయములో నిండియున్నదే నోట పొర్లుతుందని మన ప్రభువు మత్తయి 12వ అధ్యాయములో బోధించినది ఇదే.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఈ యెఫ్తాకు మాట్లాడటం చేతకాక కాదు. 11వ అధ్యాయములో అమ్మోనీయుల రాజు దగ్గరకు రెండుసార్లు దూతలను పంపాడు. 300 సంవత్సరాల చరిత్ర ఎంతో ఓపికగా విడమరచి చెప్పాడు. శత్రువుకు అంత ఓపిక! సహోదరునికి రెండు వచనాల జవాబు, ఆ తరువాత కత్తి! ప్రియులారా, మనమూ ఇంతే కాదా? ఆఫీసులో అధికారి తిట్టినా "అలాగే సార్" అంటాం. బ్యాంకులో, బస్సులో అపరిచితులతో మర్యాదగా మాట్లాడతాం. ఇంటికి వచ్చి భార్య మీద, పిల్లల మీద, ముసలి తల్లి మీద అరుస్తాం. పరీక్ష తప్పిన కొడుకుతో "నువ్వు దేనికీ పనికిరావు" అంటాం. మనము ఆ మాట సాయంత్రానికి మరచిపోతాం. వాడు మరచిపోడు.

ఇదంతా నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. మా చెల్లెలి పెళ్ళి సమయములో జరిగిన సంగతి చెబుతాను. మా చిన్నాన్నగారికి శుభలేఖ పోస్టులో పంపాను. ఆయన ఇంటికి వచ్చి, "ఏరా, అన్నయ్య కూతురి పెళ్ళికి నేను పరాయివాడినయ్యానా? పోస్టులో కార్డు పంపిస్తావా?" అన్నారు. నాకు కోపం వచ్చింది. "నాన్న 40 రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీరెక్కడికి పోయారు చిన్నాన్నా? కబురు పెడితే రానివారికి ఇప్పుడు కార్డు ఇంటికి తెచ్చి ఇవ్వాలా?" అన్నాను. నేనన్నది అబద్ధం కాదు. యెఫ్తా అన్నట్టే, పిలిచాను, రాలేదు. ఆయన చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి, కండువా భుజాన వేసుకొని వెళ్ళిపోయారు. పెళ్ళికి రాలేదు. 6 సంవత్సరాలు మా ఇళ్ళ మధ్య మాటల్లేవు. ఆ 6 సంవత్సరాలూ నేను పులపీఠము మీద నిలబడి ప్రేమను గూర్చి ప్రసంగించాను.

ఒకరోజు ప్రసంగానికి సిద్ధపడుతూ ఈ వాక్యభాగము చదివాను. యెఫ్తా జవాబు దగ్గర ఆగిపోయాను. అది నా గొంతే! మరునాడు బస్సెక్కి వెళ్ళాను. గుమ్మములో నిలబడి, "చిన్నాన్నా, తప్పు నాది, క్షమించండి" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నారు: "ఆ రోజుల్లో బస్సు చార్జీలకు కూడా లేవురా. ఉత్త చేతులతో అన్నయ్య మంచం దగ్గరికి ఎలా వచ్చేది? సిగ్గుపడి రాలేదు." ఈ ఒక్క మాట తెలియడానికి నాకు 6 సంవత్సరాలు పట్టింది. ఆయన ఇప్పుడు ప్రభువునొద్ద ఉన్నారు. సమాధానపడి వెళ్ళారు, దేవునికి స్తోత్రము. కాని పోయిన ఆ సంవత్సరాలు మాత్రం తిరిగి రాలేదు.

అందుకే చెబుతున్నాను, నిజమైన మాట అయినంత మాత్రాన మంచి మాట కాదు. ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయము 29వ వచనము మాటకు ఒక కొలత ఇస్తుంది. వినేవారికి మేలు కలగాలి, వారు కట్టబడాలి. ఎవరైనా నింద వేసినప్పుడు జవాబు చెప్పక ముందు మూడు సంగతులు జ్ఞాపకము చేసుకోండి. మొదటిది, ఆ నింద వెనుక ఏ బాధ ఉంది? నన్ను పిలవలేదు అనేవాడు, నన్ను మరచిపోయారు అని ఏడుస్తున్నాడు. రెండవది, ఆ మనిషిని గూర్చి నేను పలకగలిగిన నిజమైన మంచి ఏమిటి? గిద్యోను వెదికాడు, దొరికింది. మూడవది, ఈ వాదనలో గెలవడం అవసరమా? గిద్యోను ఆ మాటల్లో తనను తక్కువ చేసుకొన్నాడు. ఆయనకు పోయిందేమీ లేదు. వెంటనే యొర్దాను దాటి మిద్యాను రాజులను తరిమాడు.

అయితే గిద్యోను కూడా పరిపూర్ణుడు కాడు. అదే 8వ అధ్యాయములో సుక్కోతువారు రొట్టెలు ఇవ్వలేదని బెదిరించి, తిరిగి వచ్చి వారి పెద్దలను ముండ్లతో శిక్షించాడు. పొద్దున తియ్యగా మాట్లాడిన నోరే తరువాత చేదుగా మాట్లాడింది! ఒకే ఊటలో తీపినీరు, చేదునీరు రెండూ ఊరవని యాకోబు పత్రిక 3వ అధ్యాయము చెబుతుంది. నాలుకను సాధు చేయడం ఏ మనిషి వలనా కాదని కూడా అక్కడే ఉంది. మరి మనకు నిరీక్షణ ఏది?

యోహానును చూడండి. లూకా 9వ అధ్యాయములో ఒక సమరయ గ్రామమువారు ప్రభువును చేర్చుకోలేదు. యాకోబు యోహానులు వారి మీదికి ఆకాశము నుండి అగ్ని రప్పించాలనుకొన్నారు. ప్రభువు వారిని గద్దించాడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయానికి రండి. అదే యోహాను పేతురుతో కూడా సమరయకు వెళ్ళి, వారు పరిశుద్ధాత్మను పొందాలని ప్రార్థన చేశాడు. అగ్నిని అడిగిన నోరే ఆశీర్వాదమును అడిగింది! ఈ మధ్యలో ఏమి జరిగింది? దూషించినవారిని తిరిగి దూషించకుండా, తనను సిలువ వేసినవారి కొరకు ప్రార్థించిన ప్రభువును యోహాను సిలువ దగ్గర నిలబడి చూశాడు. హృదయము మారింది, నాలుక మారింది. ఆ ప్రభువు ఈ రోజు నీ హృదయమును కూడా మార్చగలడు.

ప్రియ శ్రోతా, నీ మాట వలన ఎవరైనా నీ గుమ్మము దాటి వెళ్ళిపోయారా? వారు ఇంకా బ్రదికి ఉండగానే వెళ్ళు. ఉత్తరం రాయి, ఫోను చెయ్యి, లేదా బస్సెక్కు. "తప్పు నాది" అనే మాటకు ఎంత శక్తి ఉందో అప్పుడు నీకు తెలుస్తుంది.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, మా నోటితో మేము గాయపరచినవారిని ఈ సమయములో మాకు జ్ఞాపకము చేయుము. మా గాయములను ముందు నీవు బాగుచేయుము. మా ఇళ్ళలో, మా సంఘములలో సమాధానపు మాటలు పలుకుటకు మాకు కృప దయచేయుము. తనను హింసించినవారి మేలు కోరిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.