ఎండిన బోరు, ఆగిన గ్యాస్ బావి: వేటితో పూడ్చాలి?

కణేకల్ ప్రాంతంలో తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు అందని మెట్ట చేలకు బోరే దిక్కు. ఆ బోర్లలో ఎండిపోయినవీ, అసలు నీళ్లే పడనివీ ఎన్నో. నీళ్లు లేవని తేలగానే కేసింగ్ పైపు పీకి మరో బోరుకు వాడుకుంటారు. మూతి మీద గోనెసంచో, రాతిబండో పెట్టి పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. ఆ సన్నటి గుంత పసిపిల్లల ప్రాణాలు తీస్తుంది. వానాకాలం పైనున్న మురికిని నేరుగా లోతు నీళ్లలో కలుపుతుంది.

చమురు, గ్యాస్ బావుల్లో ఈ కష్టం మరీ ఎక్కువ. అక్కడ గ్యాస్ కింది నుంచి పైకి తన్నుకొస్తుంది. 1995 జనవరి 8న కోనసీమలోని పాసర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. వాడకం ఆగిన బావి అలా భగ్గుమనకపోవచ్చు గానీ, సరిగా మూయకపోతే మీథేన్ చడీచప్పుడు లేకుండా కారుతూ ఉంటుంది. 20 ఏళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

ఇన్నాళ్లూ ఆ బావుల్లో పోస్తున్నది సిమెంటు. గట్టిపడేటప్పుడు అది కాస్త కుంచించుకుంటుంది. ఉక్కు గొట్టానికీ దానికీ మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడితే చాలు, గ్యాస్‌కు దారి దొరుకుతుంది. బిస్మత్ లోహం గుణం దీనికి విరుద్ధం: 271 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, గడ్డకట్టేటప్పుడు 3 శాతానికి పైగా ఉబ్బుతుంది. అందుకే బిస్మత్ మిశ్రలోహాన్ని బావి లోపలే కరిగించి వదిలితే చల్లారుతూ గోడకు బిగుసుకుంటుంది.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం అమెరికాలోని మోంటానా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించిన పద్ధతి. స్పోరోసార్సినా పాశ్చురీ అనే బ్యాక్టీరియాకు కాల్షియంతో పాటు యూరియా అందిస్తారు. మనం చేలో చల్లే యూరియానే! బ్యాక్టీరియా దాన్ని విడగొడితే పుట్టే కార్బనేటు కాల్షియంతో కలిసి సున్నపురాయిగా పేరుకుంటుంది. సిమెంటు రేణువు దూరలేని బీటలోకి కూడా ఈ ద్రావణం దూరుతుంది.

బెంటొనైట్ బంకమట్టి ఇంకా చవక. నీళ్లు తాగి బాగా ఉబ్బుతుంది, బీటలిచ్చినా తడి తగిలితే మళ్లీ కలుసుకుంటుంది. తడి ఆరితే మాత్రం నెర్రెలిస్తుంది. కాబట్టి కణేకల్ ఎండు బోర్లలో నీటిమట్టానికి పైభాగాన దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

మన బోర్లలో గ్యాస్ ఒత్తిడి లేదు, బిస్మత్ అక్కర్లేదు. బంకమట్టి, ఇసుక, గులకరాళ్లు, బోరు వేసినప్పుడు వచ్చిన రాతిపొడి వంటివాటితో అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చమని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. రైతన్నలూ, కేసింగ్ పీకిన రోజే ఆ పని చేయండి. కొద్దికొద్దిగా పోయండి, ఒక్కసారే కుమ్మరిస్తే మధ్యలో ఇరుక్కుని కింద డొల్ల మిగిలిపోతుంది.