ఎదురొస్తే ఏమవుతుంది?

"నేనెక్కడికొస్తానే! పొద్దున్నే పనుల మీద పోయేవాళ్లకు నేను ఎదురు కావడం బావుంటుందా?"

డెబ్భై నాలుగేళ్ల మా అమ్మ అన్న మాట ఇది. మాది బాపట్ల జిల్లా వేమూరు. నేను తెనాలిలో టీచరుగా పని చేస్తున్నాను. తమ్ముడు అమెరికాలో ఉంటాడు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో. వారానికోసారి నేను వెళ్లి మందులు, సరుకులు సర్ది వస్తాను. తమ్ముడు రోజూ ఫోన్లో కనపడి మాట్లాడతాడు. అమ్మకేం లోటు లేదనే అనుకున్నాం ఇద్దరం.

నిరుడు దసరా సెలవులకు వెళ్లినప్పుడు గుమ్మం పక్కనున్న అమ్మ చెప్పులు చూశాను. సాలెగూడు పట్టి ఉన్నాయి. పాలు, కూరలు గుమ్మంలోకే వస్తాయి. ఇక గడప దాటే పనేముంది? "పొద్దున్నే కాస్త నడిచి రావచ్చుగా" అంటే వచ్చిన జవాబే పైన చెప్పింది.

ఇలాంటి పట్టింపులు ఎప్పుడో పోయాయనుకున్నాను. పోలేదు. పైకి ఎవరూ ఏమీ అనరు. ఒకసారి ఎవరో అమ్మను చూసి బండి వెనక్కి తిప్పుకుని, ఇంట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరారట. అంతే, ఆ రోజు నుంచి అమ్మ వీధిలోకి రావడం మానేసింది.

పక్కింటి పెద్దమ్మదీ అదే పరిస్థితి. "అమ్మ ఒక్కతే భయపడుతోంది, నువ్వన్నా తీసుకెళ్లు పెద్దమ్మా" అని ఆవిణ్ణి అడిగాను. అమ్మతోనేమో "పెద్దమ్మకు చూపు సరిగా ఆనడం లేదు, తోడుగా వెళ్లు" అన్నాను. నేనే సాయం చేస్తున్నానని ఎవరికి వాళ్లు అనుకుని బయల్దేరారు! వెనక వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ కూడా కలిశారు. వాళ్లతోపాటు నేనూ వెళ్లాను.

మొదటిరోజే వీధి మలుపులో ఒకబ్బాయి బండి మీద ఎదురొచ్చాడు. అమ్మ గబుక్కున గోడవైపు తిరిగిపోయింది. టీచరమ్మ మాత్రం, "ఏరా అబ్బాయ్, మీ అమ్మ ఎలా ఉంది?" అని గట్టిగా పలకరించారు. అతను బండి ఆపి, "ఇంట్లోంచి కదలట్లేదండీ. రేపట్నించి మీతో తీసుకెళ్లరూ?" అన్నాడు. అమ్మ నెమ్మదిగా ఇటు తిరిగింది. అలా ముగ్గురు నలుగురయ్యారు. ఇప్పుడు ఆరుగురు.

కాలవ కట్ట మీదికి వెళ్తే వాళ్ల నోళ్లు ఆగవు. ఫలానా చేలో వరి పొట్ట మీదుందంటారు. లకుముకి పిట్టను చూసి చిన్నపిల్లల్లా ఆగిపోతారు. గట్టున పొన్నగంటి కూర కనపడితే కొంగు నిండా కోసుకొస్తారు. వరి కోతకు రెండుమూడు రోజుల ముందే చేలో మినుములు చల్లుతారని, కోత అయ్యాక ఆ పదునుకే మొలకలు పెరుగుతాయని పెద్దమ్మ నాకు చెప్పింది. పుట్టిన ఊరు, అయినా నాకు తెలియదు!

ఇంగ్లండులో విలియం బర్డ్ అనే డాక్టరు 1990లలో తన పేషెంట్ల కోసం ఇలాగే బృందంగా నడిచే ఏర్పాటు చేశారు. తర్వాత అది దేశమంతా పాకింది. మనకు కార్తీక వనభోజనాలు ఎప్పట్నించో ఉన్నాయి. కాకపోతే ఏడాదికి ఒక్కరోజే!

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో విడుదల చేసిన నివేదిక చెప్పింది. ఏటా సుమారు 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందట.

ఆ లెక్క సంగతి నాకు సంక్రాంతి ముందు అర్థమైంది. ఒకరోజు పెద్దమ్మ నడకకు రాలేదు. మిగతావాళ్లు వెళ్లి తలుపు కొట్టారు. రెండ్రోజులుగా జ్వరం, పైగా తిండి లేదు. అంతకుముందు రాత్రే కొడుకుతో ఫోన్లో "బానే ఉన్నాన్రా" అందట. ఫోన్లో ఎవరైనా బానే ఉన్నామనొచ్చు. కట్ట మీద ఖాళీ మాత్రం దాగదు కదా!

మీరూ మొదలు పెట్టాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు:

* పూర్తిగా తెల్లవారాకే బయల్దేరాలి. గడ్డిలో పురుగూ పుట్రా ఉంటాయి. నీటి అంచున నడవకూడదు.

* అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లే ముందుండాలి. మధ్యలో కూర్చోవడానికి ఒక అరుగు చూసుకోవాలి.

* గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ముందు డాక్టరునడగాలి. షుగరు ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లకుండా, దగ్గర చక్కెర పొట్లం ఉంచుకోవాలి.

* 65 దాటినవాళ్లకు వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టినా చాలు.

* ఎవరు రాకపోయినా ఆ పూటే తలుపు తట్టాలి. వృద్ధులకు సాయం కోసం ఎల్డర్‌లైన్ 14567కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

మొన్న వెళ్లినప్పుడు అమ్మ కొత్త చెప్పులు తెమ్మంది. పాతవి అరిగిపోయాయట! మీ అమ్మగారి చెప్పులో, అత్తగారి చెప్పులో ఎలా ఉన్నాయో ఈసారి ఓ కంట చూడండి.