ఆడదగ్గ ఆట ఒక్కటి చెప్పరా!

మొన్న ఆదివారం సాయంత్రం నా చిన్ననాటి స్నేహితుడింటికి వెళ్ళాను. అతను హైస్కూల్లో లెక్కల మాస్టారు. తొమ్మిదో తరగతి చదివే కొడుకు అస్తమానం సెల్‌ఫోనులో ఆటలాడుతున్నాడని ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాట్ట. కుర్రవాడు అలిగి మధ్యాహ్నం అన్నం తినలేదట.

"ఈ వీడియో ఆటల్లో ఆడదగ్గది ఒక్కటి చెప్పరా, ఫోను ఇచ్చేస్తాను" అన్నాడు స్నేహితుడు. తలుపు చాటున కుర్రవాడి నీడ కనబడుతూనే ఉంది.

"1978లో జపానులో తొమోహిరో నిషికాదో అనే ఇంజనీరు 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆట చేశాడు" అని మొదలుపెట్టాను. "వరసకి 11 చొప్పున 5 వరసల్లో 55 గ్రహాంతర జీవులు పక్కకి జరుగుతూ మెల్లగా కిందికి దిగుతుంటాయి. మనం కిందనుంచి కాల్చాలి. కాల్చేకొద్దీ మిగిలినవాటికి వేగం పెరుగుతుంది. ఎందుకంటావు?"

"భయంతో పరిగెడతాయి కాబోలు!"

"కాదు. తెరమీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది. ఆటను నడిపే ప్రోగ్రాము ఒక్కో మార్పుకి ఒక్క జీవినే కదుపుతుంది. 55 ఉంటే అన్నీ ఒక అడుగు వెయ్యడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. మరి 11 మిగిలితే?"

"సెకనులో అయిదో వంతు కూడా పట్టదు. ఒక్కటే మిగిలితే అరవయ్యో వంతు!" మాస్టారు కదా, నోటిలెక్క ఆగదు. "అంటే యంత్రం నెమ్మదితనమే ఆటకి రుచి తెచ్చిందన్నమాట. బాగుందిరా. కాని అది చేసినవాడి తెలివి. ఆడేవాడికి ఒరిగేదేమిటి?"

మంచి ప్రశ్నే. అప్పుడు 'టెట్రిస్' సంగతి ఎత్తాను.

1984లో మాస్కోలో సోవియట్ సైన్సు అకాడమీ వారి కంప్యూటరు కేంద్రంలో పనిచేస్తూ అలెక్సీ పజిట్నోవ్ ఆ ఆట తయారుచేశాడు. ఆయన వాడిన ఎలెక్ట్రానికా-60 అనే యంత్రానికి బొమ్మలు వెయ్యడం రాదు, అక్షరాలూ గుర్తులే వచ్చు. అందుకని బ్రాకెట్లు పక్కపక్కన పేర్చి గళ్ళు చేశాడు. అయిదేసి గళ్ళ ముక్కలతో ఆడే పాత ఆటొకటి ఉంది. అందులో ముక్కలు 12. అన్ని ఎక్కువని ఆయన నాలుగేసి గళ్ళవి తీసుకున్నాడు. అవి ఏడే. ఒక్కొక్కటే పైనుంచి పడుతుంటే తిప్పుతూ, జరుపుతూ అడ్డవరసలు నింపాలి. నిండిన వరస మాయమవుతుంది. దాన్ని ఐ.బి.ఎం. కంప్యూటరుకి రంగుల్లో మార్చినవాడు వదీం గెరాసిమోవ్, అప్పటికి 16 ఏళ్ళ బడిపిల్లవాడు.

తలుపు చాటున నీడ కదిలింది. "గ్రాఫు కాగితం, కత్తెర తేరా నాయనా" అన్నాను. తెచ్చాడు.

ఏడు ముక్కలూ కత్తిరించాం. నిలువు కర్ర, చదరం, ఎల్, ఎల్‌కి అద్దంలో నీడ, ఎస్, ఎస్‌కి అద్దంలో నీడ, చివరికి టి. ఏడు నాలుగులు 28. నాలుగు వరసలు, వరసకి ఏడు గళ్ళున్న దీర్ఘచతురస్రంలోనూ 28 గళ్ళే. "ఇందులో పట్టించండి" అన్నాను. (మీరూ ఇక్కడ చదవడం ఆపి, కత్తిరించి చూడండి.)

తండ్రీ కొడుకులు అరగంట కుస్తీ పట్టారు. ఎలా పేర్చినా ఒక ముక్క బయటే మిగులుతోంది. "పడుతుందిరా, ఓపిక ఉండాలి" అంటాడు తండ్రి. నేను పెన్సిలుతో గళ్ళకి చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి నలుపు వేశాను. కుర్రవాడు కాసేపు చూశాడు.

"నాన్నా, ఇది పట్టదు! ఏ ముక్కయినా రెండు నలుపు, రెండు తెలుపు గళ్ళు కప్పుతుంది. టి ఒక్కటే మూడూ ఒకటీ. బల్లమీద 14 నలుపు, 14 తెలుపు ఉన్నాయి. మన ముక్కలు ఎలా పెట్టినా 15, 13 వస్తాయి."

లెక్కల మాస్టారు మళ్ళీ లెక్కపెట్టాడు. ఏమీ అనలేదు.

"మామయ్యా, టెట్రిస్ ఎప్పటికీ ఓడకుండా ఆడొచ్చా?" అని అడిగాడు కుర్రవాడు.

"ఎస్, దాని అద్దపు నీడ ఒకదాని తరవాత ఒకటి పడుతూ ఉంటే కుదరదు. పది గళ్ళ వెడల్పు ఉన్న ఆటలో 70,000 ముక్కలు పడేలోపే ఎంతటి ఆటగాడైనా ఓడక తప్పదని 1997లో హైడీ బర్గీల్ అనే గణితవేత్త రుజువు చేసింది. అయితే ఈనాటి ఆటల్లో చాలావాటిలో అలాంటి వరస రానివ్వరులే."

స్నేహితుడు లోపలికి వెళ్ళి బీరువా తాళంచెవి తెచ్చాడు. "పందెం పందెమే. ముందు అన్నం తిను" అని కొడుకు చేతిలో పెట్టి, తను ఇంకో గ్రాఫు కాగితం అందుకున్నాడు. "ఒరేయ్, రెండు జతలు తీసుకుంటే టిలు రెండు. ఒకటి మూడు నలుపులు కప్పితే, రెండోది మూడు తెలుపులు కప్పుతుంది. నాలుగు వరసలు, వరసకి 14 గళ్ళు. ఇక రంగుల లెక్క అడ్డురాదు కదా?"

నేను బయల్దేరేసరికి 14 ముక్కల్లో 11 పట్టాయి. కుర్రవాడు ఎడంచేత్తో ఎల్‌ని తిప్పుతూ, కుడిచేత్తో అన్నం తింటున్నాడు.