కొట్టు పెద్దది కావలెనా, మిల్లు బలమైనది కావలెనా?



కొల్లేటి లంక గ్రామమునుండి మా సంఘ విశ్వాసి ఒకరు తన కుమార్తెతో మా ఇంటికి వచ్చారు. అమ్మాయికి కంప్యూటర్ ఇంజనీరింగులో సీటు వచ్చినది. చేపల చెరువులమీద కూలికి వెళ్లి, చీటీ కట్టి కూడబెట్టిన డబ్బు ఆ తండ్రి చేతిలో ఉన్నది. ఏలూరులో ఒక దుకాణమువారు ఒకే ధరకు రెండు లాప్‌టాప్‌లు చూపించారట. ఒకదానిలో 1 టీబీ స్థలము, చిన్న ప్రాసెసరు. రెండవదానిలో 512 జీబీ స్థలము, బలమైన ప్రాసెసరు. "ఎక్కువ జీబీ ఉన్నదే మంచిది గదా, అయ్యగారూ?" అని ఆయన అడిగారు.

ఆ మాట విని మేము సిగ్గుపడ్డాము. 2018లో సంఘ కానుకలతో లాప్‌టాప్ కొన్నప్పుడు మేమును అలాగే తలంచాము. పాటలు, ప్రసంగములు, పెండ్లి ఫోటోలు అన్నీ దాచుకొనవచ్చునని 1 టీబీ హార్డ్ డిస్కు చూచి తీసుకున్నాము. ప్రాసెసరు సంగతి అడుగనే లేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఆరాధన వీడియోలు సిద్ధపరచవలసి వచ్చినప్పుడు, అరగంట వీడియోకు రాత్రంతా పట్టేది. డిస్కులో మాత్రము ముప్పాతిక వంతు ఖాళీయే!

తాడేపల్లిగూడెము చుట్టుప్రక్కల మిల్లులను ఎరిగిన మనకు ఇది కష్టమైన సంగతి కాదు. స్టోరేజి అనునది ధాన్యపు కొట్టు. ప్రాసెసరు మిల్లు. ర్యామ్ అనునది ధాన్యము పరచుకొను కళ్లము. కొట్టు ఎంత పెద్దదైనా మిల్లు చిన్నదైతే బియ్యము ఆలస్యముగానే వచ్చును. కళ్లము ఇరుకైతే మంచి మిల్లు కూడ ఆగి ఆగి ఆడును.

ఇంకొక భేదమున్నది. కొట్టు చాలకపోతే తరువాత పెంచుకొనవచ్చును. బయట తగిలించు డిస్కు కొనవచ్చును. అనేక లాప్‌టాప్‌లలో లోపలి ఎస్.ఎస్.డి.ని కూడ మార్చవచ్చును. ప్రాసెసరు అయితే నేటి లాప్‌టాప్‌లలో బోర్డుకే అతికించబడి యుండును గనుక మార్చుట కుదరదు. పలుచని వాటిలో ర్యామ్ కూడ అంతే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను అంగీకరించదు. కొట్టు నిండుగా ఉన్నను మిల్లు పాతబడితే యంత్రమే పాతబడును.

అప్పటివరకు నోరు విప్పని ఆ బిడ్డను, "నీవు దీనిమీద ఏమి పని చేయవలెనమ్మా?" అని అడిగాము. "ప్రోగ్రాములు వ్రాయాలండీ. పై సంవత్సరములలో ఫోన్ యాప్‌లు చేయాలి" అన్నది. తండ్రి ఆశ్చర్యముగా చూచాడు. డబ్బు తనదని బిడ్డను అడుగనేలేదు. డబ్బు నాన్నదని బిడ్డ చెప్పనేలేదు.

వారు రెండవదే కొన్నారు. అందరికీ అదే తగునని మా భావము కాదు. డిగ్రీ చదువుతూ ఉత్తరములు, లెక్కలు చేసుకొను బిడ్డకు సాధారణ ప్రాసెసరు చాలును. పెండ్లి వీడియోలు తీయువానికి రెండును కావలెను.

దుకాణములో ఈ ప్రశ్నలు అడుగుడి. ప్రాసెసరు ఏ తరమునకు చెందినది? ఐ5 అన్నంత మాత్రాన చాలదు. పాత ఎనిమిదవ తరము ఐ5 కంటె పన్నెండవ తరము ఐ3 అనేక పనులలో వేగముగా ఉండును. ర్యామ్ ఎంత, తరువాత పెంచవచ్చునా? ఇంజనీరింగు బిడ్డకు 16 జీబీ ఉంటే మేలు. ఉన్నది హార్డ్ డిస్కా, ఎస్.ఎస్.డి.యా? ఎస్.ఎస్.డి. చాల వేగమైనది. 512 జీబీ అన్నది విండోస్‌లో సుమారు 476గా కనబడును. అది మోసము కాదు, లెక్కించు విధములోని భేదమే. ఏది కొన్నను ముఖ్యమైనవాటిని రెండవచోట కూడ దాచుడి.

పెద్ద కొట్లు కట్టదలచిన ధనవంతుని గూర్చి లూకా సువార్త 12వ అధ్యాయములోను, గోపురము కట్టకముందు ఖర్చు లెక్క చూచుకొనువాని గూర్చి 14వ అధ్యాయములోను ప్రభువు చెప్పెను. ఎంత దాచగలమన్న ప్రశ్నకు ముందు, దేనికొరకు అన్న ప్రశ్న ఉన్నది. తల్లిదండ్రులారా, దుకాణమునకు వెళ్లక ముందు మీ బిడ్డలతో కూర్చుండి ఆ ప్రశ్న అడుగుడి, ప్రార్థించి బయలుదేరుడి. ప్రభువు మీ కష్టార్జితమును ఆశీర్వదించును గాక.