చెంచాడు నూనె, అర ఎకరం చెరువు

“సూక్ష్మదర్శిని లేకుండా అణువు సైజు కొలవగలమా?” అని పదో తరగతి చదివే పాఠకురాలు అడిగింది. కొలవొచ్చు. కాస్త వంటనూనె, కాస్త నీళ్ళు చాలు. ఆ పని దాదాపు పూర్తిచేసి, చివరి మెట్టు ఎక్కకుండా వదిలేసిన పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆయన పేరెత్తితే అందరూ గాలిపటం కథే చెబుతారు. నన్నడిగితే ఈ నూనె కథ ముందు అదెంత?

1757లో ఇంగ్లండుకు ఓడలో వెళుతున్నప్పుడు, రెండు ఓడల వెనక మాత్రం నీళ్ళు నున్నగా ఉండటం ఫ్రాంక్లిన్ గమనించాడు. కారణమేమిటని అడిగితే, వంటవాళ్ళు జిడ్డునీళ్ళు పారబోసి ఉంటారని కెప్టెన్ తేలిగ్గా తీసిపారేశాడు. నూనెతో సముద్రం నెమ్మదిస్తుందని రోమన్ రచయిత ప్లినీ ఏనాడో రాస్తే, చిన్నప్పుడు చదివి నవ్వుకున్న ఫ్రాంక్లిన్‌కు ఈసారి నవ్వు రాలేదు. తరవాతెప్పుడో లండన్ దగ్గర క్లాఫమ్‌లో, గాలికి అలలు రేగుతున్న చెరువులో నూనె పోశాడు. మొదట అలలు పెద్దగా ఉన్న ఒడ్డున పోస్తే గాలి దాన్ని వెనక్కి నెట్టేసింది. గాలి వచ్చే వైపుకు వెళ్ళి చెంచాడు పోశాడు. నూనె పాకుతూ పోయి, అర ఎకరం మేర నీటిని అద్దంలా చేసింది.

నూనె తేలికైనది, నీటిలో కలవదు. ఇది బడి పాఠమే. అసలు మజా పైపొరలో ఉంది. నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల ఉపరితలం బిగువుగా ఉంటుంది. దీన్నే తలతన్యత అంటాం. వంటనూనె అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, పొడవాటి తోకలకు నీరు గిట్టదు. అందుకే ఇష్టమైన కొస నీటికి ఆనించి, తోకలు పైకెత్తి, పక్కపక్కనే వరస కడతాయి.

ఇప్పుడు అల వచ్చిందనుకోండి. అల కదిలేటప్పుడు ఉపరితలం ఒకచోట సాగుతుంది, మరోచోట ముడుచుకుంటుంది. శుభ్రమైన నీటికి దీంతో ఇబ్బంది లేదు. సాగినచోటికి అడుగు నుంచి కొత్త అణువులు వచ్చేస్తాయి, బిగువు అంతటా ఒకటే. నూనె ఉంటే అలా కుదరదు. సాగినచోట నూనె పలచబడి బిగువు పెరుగుతుంది, ముడుచుకున్నచోట నూనె కిక్కిరిసి బిగువు తగ్గుతుంది. ఎక్కువ బిగువున్న చోటు తక్కువ ఉన్న చోటును తనవైపు లాగుతుంది. అంటే పొర సాగడానికీ ఒప్పుకోదు, ముడుచుకోవడానికీ ఒప్పుకోదు. పాలమీద మీగడలా మొండికేస్తుంది. కింద నీరు మాత్రం ఊగుతూనే ఉంటుంది. కదలనంటున్న పైపొరకూ ఊగే నీటికీ మధ్య, మిల్లీమీటరు కూడా లేని మందంలో విపరీతమైన ఒరిపిడి పుట్టి, అల శక్తి వేడిగా మారిపోతుంది. చిట్టి అలలు అక్కడే చచ్చిపోతాయి. గాలికి నీటిమీద పట్టు దొరికేది ఆ చిట్టి అలల వల్లే కాబట్టి, అవి పోతే కొత్తగా పెద్దవి పెరగడమూ కష్టమే.

ఫ్రాంక్లిన్ చెప్పిన కారణం వేరు. నూనె రేణువులు ఒకదాన్నొకటి వికర్షించుకుని పరుచుకుంటాయనీ, గాలి పొరమీద జారిపోతుందనీ అనుకున్నాడు. రెండోది సగం నిజం. పొర సాగడానికి ఒప్పుకోకపోవడమే అసలు కీలకమని గ్రహించడానికి ఇటలీ శాస్త్రవేత్త కార్లో మరంగోని దాకా, అంటే మరో వందేళ్ళు ఆగాల్సివచ్చింది. 1773లో పోర్ట్స్‌మత్ దగ్గర సముద్రంలో నూనె పోసి, ఒడ్డున విరిగే కెరటాలను తగ్గించాలని ఫ్రాంక్లిన్ చూశాడు. తగ్గలేదు. దూరం నుంచి వచ్చే పెద్ద కెరటానికి ఈ పొర లెక్కే కాదు. ఆ వైఫల్యాన్ని కూడా 1774 వ్యాసంలో దాచకుండా రాశాడు. అందుకు చేతులెత్తి మొక్కాలి.

కానీ ఒక భాగహారం చేయలేదు! చెంచాడంటే 2 నుంచి 5 మిల్లీలీటర్లు. అర ఎకరం అంటే సుమారు 2000 చదరపు మీటర్లు. భాగిస్తే పొర మందం 1 నుంచి 2.5 నానోమీటర్లు, నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. అదే ఒక్క అణువు ఎత్తు! ఈ లెక్కను 116 ఏళ్ళ తరవాత, 1890లో లార్డ్ రేలీ వేశాడు. నీటిమీద గిరగిరా తిరిగే కర్పూరం ముక్కలను ఆపడానికి ఎంత నూనె కావాలో తూచి, 1.6 నానోమీటర్లని తేల్చాడు.

మరుసటి ఏడాది ఆయనకు జర్మనీ నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది ఆగ్నెస్ పోకెల్స్. ఆడపిల్ల కాబట్టి విశ్వవిద్యాలయం మెట్లెక్కనివ్వలేదు. ఇంట్లోనే ఒక రేకు తొట్టిలో నీళ్ళు పోసి, అడ్డంగా పెట్టిన రేకుపట్టీని జరుపుతూ పొరను ఇరుకుచేసి, తలతన్యత ఎప్పుడు పడిపోతుందో కొలిచింది. రేలీ ఆ ఉత్తరాన్ని ‘నేచర్’ పత్రికకు పంపి అచ్చువేయించాడు. అదే దారిలో ముందుకెళ్ళిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కు 1932లో నోబెల్ వచ్చింది. ఆగ్నెస్‌కు రాలేదు.

“దీనివల్ల ఉపయోగం?” అని అడిగేవాళ్ళు ఉండనే ఉంటారు. జలాశయాల్లో నీరు ఆవిరి కాకుండా ఇలాంటి పొరలు పరిచి చూశారు, గాలి వాటిని ఒక మూలకు నెట్టేస్తుంది. మన ఊపిరితిత్తుల గాలిగదుల్లో ఇలాంటి పొరే తలతన్యతను తగ్గిస్తుంది. నెలలు నిండని బిడ్డల్లో అది చాలకపోతే మందుగా ఇస్తారు. సరిపోయిందా?

ఇక నువ్వు చేసి చూడమ్మా. జిడ్డు లేని వెడల్పాటి బేసిన్‌లో నీళ్ళు పోసి, పైన పలచగా పౌడరు చల్లు. అర మిల్లీమీటరు వ్యాసమున్న నూనె బొట్టును సూదికొసతో నీటికి తాకించు. పౌడరు పక్కకు తప్పుకుని, సుమారు 20 సెంటీమీటర్ల వృత్తం ఏర్పడుతుంది. వేలు మాత్రం ముంచకు, చేతి జిడ్డు చాలు లెక్క తప్పడానికి. తరవాత ఫ్రాంక్లిన్ మరిచిన భాగహారం చెయ్యి.